నాలుగో తరగతిలో కుట్లు విప్పిన నవల

ఈ మధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి, చిన్నపిల్లలకు చదవడం మీద ఇష్టం కలగాలంటే తరగతిలో నవలలు చదివించాలని గంటసేపు చెప్పాడు. నిన్నగాక మొన్న తనే కనిపెట్టినట్టు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. చోడవరంలో పందొమ్మిది వందల యాభైల్లో ఇదే పని నేను చేసినప్పుడు నాకు దక్కింది చప్పట్లు కాదు. ఏం దక్కిందో ఇక్కడ రాస్తున్నాను. అప్పటివాళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు, లేనివాళ్ళ పిల్లలు ఉన్నారు, అందుకని పేర్లు రాయడం లేదు. పేర్లు మరచిపోయానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

అప్పటికి నేను మిషను ట్రైనింగు స్కూల్లో ట్రైనింగు ముగించి, చోడవరం బోర్డు ఎలిమెంటరీ స్కూల్లో కొత్తగా చేరాను. ఆ స్కూలు ఒక పొడుగాటి పెంకుటి హాలు. ఐదు తరగతులకూ అదొక్కటే గది. మధ్యలో గోడలు లేవు, తడికైనా లేదు. ఒక చివర పెద్దమేస్టారు, అంటే హెడ్మాస్టరుగారు, బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆయన ఏ తరగతి దగ్గరికీ వచ్చి చూసేవారు కాదు, వినేవారు. పాఠం చెప్పడమంటే మేస్టారు ఒక వాక్యం అనడం, పిల్లలంతా గొంతెత్తి దాన్ని తిరిగి అనడం. ఏ మూల గోల తగ్గితే ఆ మూల చదువు ఆగిపోయిందని ఆయన లెక్క.

చేరిన రోజునే నాకొక కుర్చీ ఇచ్చారు. దానికి ఒక కాలు పొట్టి. మగ మేస్టర్లందరికీ నిక్షేపం లాంటి కుర్చీలున్నాయి. ఇదేమిటండీ అని పెద్దమేస్టారిని అడిగితే, "మీరు తేలిక మనిషి గదమ్మా, అదే ఆగుద్ది" అన్నారు. ఆయనకు అది మామూలు మాట. నాకు కాదు. పగిలిన పలక ముక్క ఒకటి తెచ్చి ఆ కాలి కింద పెట్టుకుని పనిలో పడ్డాను.

నాకిచ్చింది నాలుగో తరగతి. పిల్లలు తెలుగు వాచకం గడగడా చదివేస్తుంటే మొదట్లో నేనూ పొంగిపోయాను. ఒకరోజు ముందు వరసలో ఉన్న అమ్మాయిని లేపి చీమల పాఠం చదవమన్నాను. వడ్డాది రోడ్డు పక్కన ఉండే చెరకు రైతు కూతురు ఆ పిల్ల. చేతిలో ఉన్నది వాళ్ళన్న వాడి వదిలేసిన వాచకం, అట్ట కూడా లేదు. అక్షరాల కింద వేలు నడిపిస్తూ ఒక్క తప్పు లేకుండా చదివింది. మెచ్చుకుందామని దగ్గరికి వెళ్ళి చూశాను. వేలు కాకి పాఠం మీద నడుస్తోంది, నోరు చీమల పాఠం చెబుతోంది. చీమల పాఠం ఉన్న కాగితమే ఆ పుస్తకంలో లేదు.

"ఈ కాగితం ఏదే?" అన్నాను.

"నేదండి పంతులమ్మగారూ. మా అన్నప్పుడే సిరిగిపోనాదంటండి."

"మరి ఎలా చదివావు?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "ఒచ్చును గదండి," అంది.

రాకేం? మొదటి తరగతిలో చేరిన రోజు నుంచీ, అదే హాల్లో నాలుగో తరగతివాళ్ళు అరిచే పాఠాలు వింటూనే పెరిగింది. ఒక్కొక్కరినీ లేపి చూశాను. అందరిదీ అదే వరస. వాచకం మూయించి అడిగితే వాచకమంతా వచ్చును. పలక మీద కొత్త మాట ఒకటి రాసి చూపిస్తే నోరు పెగలదు. పరుగున వెళ్ళి పెద్దమేస్టారికి చెప్పాను.

ఆయన సంతోషించారు. "కాయితం లేకపోయినా చదివేస్తందంటే ఎంత బాగా వచ్చిందో చూడండి మరి."

"అది చదవడం కాదండి."

"మరేటి?"

"విని చెప్పడం."

"ఏదైతేనేటమ్మా, పాఠం వచ్చిందా లేదా?" అని ఆయన తన పని చూసుకున్నారు.

ఆ హాల్లో ఎవరూ ఇంతవరకూ వినని పుస్తకం ఒకటి కావాలి నాకు. స్కూలు బీరువాలో కథల పుస్తకాలు ఉన్నాయి. అడిగితే, "పిల్లల చేతుల్లో పెడితే మాపేస్తారమ్మా" అన్నారు. ఆ బీరువా తలుపు తీయగా నేను అక్కడున్నన్నాళ్ళూ చూడలేదు. ఇక లాభం లేదని మా ఇంటి నుంచి ఒక నవల తెచ్చాను. అచ్చు పుస్తకం కాదు. మద్రాసు నుంచి వచ్చే వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలను మా అమ్మ వారం వారం కత్తిరించి, దాచి, అంతా అయ్యాక దబ్బనంతో కుట్టి పెట్టింది. అప్పట్లో చాలా ఇళ్ళలో ఇలాంటివి ఉండేవి. కథ మధ్యలో తలనూనె ప్రకటనలూ, కాగితం వెనక సగం తెగిన వంటల శీర్షికలూ కూడా ఉండేవి. ఏటి రేవులో పడవ ఉంటుంది, పడవవాడు మాయమైపోతాడు, వాడి కూతురు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. అదీ కథ.

రోజూ ఆఖరి అరగంట దానికి పెట్టుకున్నాను. కొంత నేను చదివి, పిల్లలు ఊపిరి బిగబట్టిన చోట ఆపి, పుస్తకం ఎవరో ఒకరి చేతికిచ్చేదాన్ని. తరవాత ఏమైందో ఎవరికీ రాదు. తెలియాలంటే చదవక తప్పదు. మొదట్లో ఆ అరగంట నాకు నరకం. నాలుగో తరగతి పిల్లలు 'పడవ' అన్న మాటను కూడబలుక్కుని చదువుతుంటే ఏడుపొచ్చేది. మెల్లమెల్లగా దారిలో పడ్డారు. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ భుజాల మీద నుంచి మిగతావాళ్ళు తలలు దూర్చేవారు. ఆ చెరకు రైతు కూతురు అందరికన్నా ముందుకొచ్చింది. అది చెరకు ఆడే కాలం. పొద్దున్న పూట ఆ పిల్ల బెల్లం వండే చోట పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోయాలి, బడికి రావడానికి కుదరదు. కానీ మసి చేతులతోనే ఆఖరి అరగంటకు పరుగెత్తుకొచ్చేది.

అదే పెద్దమేస్టారికి పట్టుకోవడానికి దొరికింది.

"హాజరుకి రాని గుంట కథకి వస్తందేటమ్మా? మిషను ట్రైనింగులో ఇవే నేర్పుతారా? నాలుగో తరగతి గుంటలకి నవలలా?" అని హాలంతా వినేలా అడిగారు. మిగతా మేస్టర్లు నవ్వారు. వాళ్ళలో ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"వాళ్ళు ఇప్పుడు నిజంగా చదువుతున్నారండి. కావాలంటే పరీక్ష పెట్టండి," అన్నాను.

"అలాగేనమ్మా. కొత్త సంవత్సరం రాగానే ఇన్‌స్పెక్టరుగారు వస్తన్నారు. ఆయన ఈ పుస్తకంలో ఏ పేజీ ఇస్తే ఆ పేజీ మీ పిల్లలు చదివేరనుకోండి, ఆ అరగంట మీది. చదవలేదనుకోండి, పుస్తకం బీరువాలోకి, మీరు వాచకంలోకి."

ఒప్పుకున్నాను. ఆ బీరువాలోకి వెళ్ళిన పుస్తకం సంగతి నాకు తెలుసు కనుక, పిల్లల చేత మరింత పట్టుగా చదివించాను. క్రిస్మస్‌కు సెలవు పెట్టి ఇంటికి వెళుతూ నవలను తరగతి బల్ల సొరుగులో పెట్టాను. నేను లేనన్నాళ్ళూ తరగతి పెద్దమేస్టారే చూసుకుంటానన్నారు. అంత చొరవ దేనికో అనుమానించాల్సింది. పండగ సంతోషంలో తోచలేదు.

తిరిగొచ్చేసరికి పిల్లలు ఏదో దాచుకున్న ముఖాలతో కూర్చున్నారు. ఏమిటని అడిగితే, "పెద్దమేస్టారు సెప్పొద్దన్నారండి" అని కిసుక్కున నవ్వారు. మర్నాడే ఇన్‌స్పెక్టరుగారు అనకాపల్లి బస్సు దిగారు. కొబ్బరినీళ్ళు తాగి, మూడు తరగతులు చూసి, ఆఖరి అరగంటకు నా తరగతి దగ్గరికి వచ్చి కూర్చున్నారు. పెద్దమేస్టారు అందించిన నవలను సరిగ్గా మధ్యకు తెరిచారు. చెరకు రైతు కూతురు ముందు వరసలో ఉంది కనుక దాన్ని ఆ పిల్ల చేతికిచ్చారు.

ఆ భాగం వరకూ మేమింకా రాలేదు. ఆ పిల్ల పేజీ వంక చూసింది, వేలు పెట్టింది, మొదలుపెట్టింది. నెమ్మదిగానే చదివింది. కానీ వేలు ఎక్కడుందో నోరూ అక్కడే ఉంది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఒక వాక్యం పూర్తయింది. రెండో వాక్యంలో ఒక పొడుగు మాట దగ్గర ఆగి, దాన్ని విడగొట్టుకుంటోంది. ఇంకొక్క క్షణం ఆగితే చదివేసేది.

పెద్దమేస్టారు చెయ్యెత్తారు.

తరగతి మొత్తం ఒక్కసారిగా లేచింది. నవల మొదటి భాగం మొదటి అక్షరం నుంచి గొంతెత్తి అందుకుంది. నేను క్రిస్మస్‌కు వెళ్ళినన్నాళ్ళూ ఆయన చేసిన పని అదీ. వాచకంలాగే నవలను కూడా వల్లె వేయించారు. అదీ సవ్యంగా కాదు. ఎక్కడ ఆపాలో చెప్పకుండా కాగితం మీదున్నదంతా వేయించారు. పడవవాడు మాయమయ్యాక పిల్లలు ఆగలేదు. "తరువాయి వచ్చే వారం" అని అదే రాగంలో అరిచారు. ఆ కిందనే ఉన్న ప్రకటననూ వదల్లేదు. "మీ కురులు నల్లగా, ఒత్తుగా పెరుగుటకు నేడే వాడండి" అని ముగించి కూర్చున్నారు.

నిజంగా చదువుతున్న పిల్ల నోరు మధ్యలోనే ఆగిపోయింది. నా వంక చూసింది. తరవాత తల దించుకుని తలనూనె దగ్గర తనూ అందులో కలిసింది.

ఇన్‌స్పెక్టరుగారు అంతసేపూ తాళానికి తల ఊపారు. పుస్తకం వంక చూడనేలేదు. "భేష్," అన్నారు.

నేను ఉండబట్టలేక, "అయ్యా, ఆ అమ్మాయి చదివింది వేరు, వీళ్ళు అన్నది వేరు. దయచేసి పేజీ చూడండి" అన్నాను.

"ఇంత బాగా చదివారు కదమ్మా, ఇంకా ఏం కావాలి?" అన్నారాయన. పెద్దమేస్టారి వైపు తిరిగి, "చిన్నపిల్లలకు నవల. కొత్త ఆలోచన. అన్ని తరగతులకూ పెట్టండి" అన్నారు. పెద్దమేస్టారు వినయంగా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

గెలిచానో ఓడానో నాకే అర్థం కాలేదు. "మీ అరగంట మీకిచ్చేను గదేటమ్మా, ఇంకా ఆ ముఖమేటి?" అన్నారు పెద్దమేస్టారు. ఇచ్చారు, దేనికి? వల్లె వేయించడానికి. ఇన్‌స్పెక్టరుగారు మళ్ళీ వచ్చేసరికి రెండో భాగం కూడా నోటికి వచ్చేయాలట. రోజూ పొద్దున్నే ఐదు తరగతులూ కలిసి నవల వల్లె వేయడం మొదలైంది. 'అ' రాయడం రాని మొదటి తరగతి పిల్లలు కూడా కురులు నల్లగా పెరగాలని గొంతు చించుకునేవారు. రోడ్డు మీద చెరకు బళ్ళు తోలుకెళ్ళేవాళ్ళు అది నేర్చుకుని, మా స్కూలు దాటుతూ "తరువాయి వచ్చే వారం" అని కేకేసేవారు. సాయంత్రం నా అరగంటలో పుస్తకం తెరిస్తే, పిల్లలు అలవాటుగా కళ్ళు పుస్తకం మీద నుంచి ఎత్తేసి పాట అందుకునేవారు. ఆ చెరకు రైతు కూతురు ఆఖరి అరగంటకు రావడం మానేసింది. రోడ్డు మీద కనబడితే అడిగాను.

"అది ఒచ్చేసినాది గదండి," అంది.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వరండాలో కూర్చుని బ్లేడుతో నవల కుట్లు విప్పేశాను. మా అమ్మ కుట్టు గట్టిది, చేతివేళ్ళు తెగాయి. ఏ వారం భాగం ఆ వారానికి విడిపోయింది. మర్నాడు ఆఖరి అరగంటలో ఇద్దరికి ఒక భాగం చొప్పున పంచాను. వరస లేకుండా, చేతికొచ్చింది వచ్చినట్టు ఇచ్చాను. అందరికీ వచ్చిన మొదటి భాగం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చెరకు రైతు కూతురికి, బతిమాలి పిలిపించి మరీ, చివరికి దగ్గరగా ఉన్న భాగం ఒకటి ఇచ్చాను. గొంతు పైకి రాకూడదు, చదవడం పూర్తయితేనే పక్కవాళ్ళతో మార్చుకోవాలి, అన్నాను. ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళకే తెలియదు, ఇక ఎవరితో కలిసి అరుస్తారు?

కొంతసేపు దిక్కులు చూశారు. తరవాత ఒక్కొక్క తలే కిందికి వంగింది. అప్పుడు గుసగుసలు మొదలయ్యాయి.

"ఒరే, నీదాంట్లో పడవోడు సచ్చిపోనాడేటి?"

"సెప్పను. సదువుకో."

"నాదాంట్లో బతికే ఉన్నాడ్రా."

"అయితే నీది ముందుదై ఉంటాది."

నేను ఏడాది మొత్తం చెప్పినా రాని తెలివి అది. మూడో రోజుకు గుసగుసలు కూడా పోయాయి. నా మూల నుంచి చప్పుడే లేదు. హాల్లో అంత చప్పుడు లేకపోవడం అదే మొదటిసారి. పెద్దమేస్టారు కుర్చీలోంచి లేచి, హాలు పొడుగునా నడిచి, మొట్టమొదటిసారి నా తరగతి దగ్గరికి వచ్చారు.

"ఏటమ్మా, పిల్లలకి జొరాలేటి?"

"చదువుతున్నారండి."

"ఏదీ, వినపడదే?"

అప్పుడాయన చూపు విడి కాగితాల మీద పడింది. "పుస్తకం చింపేసేరా? ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకున్న పుస్తకం."

"చింపలేదండి, కుట్లు విప్పాను. అది మా పుస్తకం," అన్నాను.

ఆయన ముందుకు వంగారు. ఎదురుగా ఉన్న చెరకు రైతు కూతురి చేతిలోంచి కాగితాలు లాక్కున్నారు. అప్పటికి ఆ పిల్ల కథలో తలుపు దగ్గరికి వచ్చింది, పడవవాడి కూతురు గడియ తీస్తోంది. "అందరూ ఒక్కొక్కరే వచ్చి మొదటి భాగం అప్పజెప్పండి. అప్పుడు ఇస్తాను. లేకపోతే మిగతావి కూడా పట్టుకుపోతాను" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న ఆ పిల్ల పొయ్యి దగ్గరి పని మానుకుని బడికి వచ్చింది. తిన్నగా పెద్దమేస్టారి బల్ల ముందుకు వెళ్ళి నిలబడింది. బెత్తం దెబ్బలకు పిలిస్తే తప్ప ఆ బల్ల దగ్గరికి ఏ పిల్లా వెళ్ళేది కాదు.

"ఏటే?"

"నా కాయితాలండి."

"అప్పజెప్పు."

చేతులు కట్టుకుని తలనూనె దాకా అప్పజెప్పేసింది. "ఇప్పుడియ్యండి," అంది.

"అందరూ అన్నాను గదే. పో."

అందరూ వచ్చారు. ఆ భాగం ఆయన సొరుగులో ఉంటే మిగతావాళ్ళకు కథ తెగిపోయింది మరి. ఒకరి తరవాత ఒకరు బల్ల ముందు నిలబడి, రేవు దగ్గర మొదలుపెట్టి నూనె సీసా దగ్గర ఆపడం. హాజరు వేస్తుంటే ఒకడు, ఉత్తరం రాసుకుంటుంటే ఒకతె. మధ్యాహ్నానికి ఆయన చెవులు మూసుకున్నారు.

"ఒరే, ఆ నూనె మాట మానెయ్యండ్రా."

"అదీ అందులోదే గదండి. మీరే సెప్పేరు," అన్నాడు ఎదురుగా ఉన్నవాడు, చాలా మర్యాదగా.

సాయంత్రానికి ఇంకా సగం మంది మిగిలారు. ఆయన గొడుగు తీసుకుని, సొరుగులోని కాగితాలు కూడా తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఇక అవి తిరిగి రావనుకున్నాను. మా అమ్మకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఆయన నవల వల్లె వేయించలేదు. ఏ తరగతి పాఠం ఆ తరగతి చెప్పుకోమన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తప్పు చేశానని ఆ రోజే కాదు, తరవాతెప్పుడూ అనలేదు. పైగా ఆ పై ఏళ్ళలో వచ్చిన ప్రతి ఇన్‌స్పెక్టరుకూ, "మేం నవల విడగొట్టి ఇచ్చి చదివిస్తామండి" అని చెప్పేవారు. ఆ 'మేం'లో నా వేళ్ళు తెగిన సంగతి లేదు.

వల్లె మానిపించిన ఆ రోజు సాయంత్రమే ఆయన ఆఖరి అరగంటలో వచ్చి, కాగితాలు ఆ పిల్ల ఒళ్ళో పడేశారు. "మీ గుంటలు నా బుర్ర తినేసేరమ్మా. తీసుకోండి," అన్నారు. వెళతారనుకున్నాను. వెళ్ళలేదు. నా కుర్చీ పక్కన నిలబడి గొంతు తగ్గించారు.

"టీచరమ్మా, ఆ పడవవాడి కూతురు తలుపు తీసింది గదా. లోపలున్నోడెవడేటి? మధ్యలో ఏటయిందో తెలియకుండా ఏటర్థమవుద్ది?"

"ముందే వచ్చాడండి వాడు. ఆరో భాగంలో."

"అదెవరి దగ్గరుంది?"

మూలన కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళను చూపించాను. "వాళ్ళు చదువుతున్నారు. వాళ్ళ తరవాత ఈ అమ్మాయి అడిగింది. ఆ తరవాత మీరు."

"నేను పెద్దమేస్టర్నమ్మా."

"తెలుసండి," అన్నాను.

  ఆయన ఆ కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఒరే, తొందరగా కానీండ్రా" అన్నారు.

వాళ్ళలో ఒకడు అక్షరం కింద వేలు అలాగే ఉంచి, తలెత్తకుండానే అన్నాడు: "ఉండండి మేస్టారూ. పెద్ద మాట ఒచ్చినాది."